కోతిపిడికిలి

కోతిచేష్టలని మన మెగతాళి చేయుదుము. చీనావారా చేష్టలనుండియే యొక యుద్ధవిద్యను గల్పించుకొనిరి. వారి భాషలో దానిపేరు 'హోచువన్', అనగా కోతిపిడికిలి.

దీని పుట్టుకను గూర్చి యొక కథ కలదు. చింగ్ రాజుల చివరికాలమున కౌ సీ యను నాతడు చెరసాలలో నుండి, వెలుపల కోతులు పోరాడుట చూచి యీ విద్యను కూర్చెనట. కథ వినసొంపుగానే యున్నది. కాని విద్యయంతయు నచ్చటనే పుట్టెననుట కొప్పుకొనజాలను. ఛీ జీగ్వాంగ్ అను సేనాని 16వ శతాబ్దిననే తన యుద్ధగ్రంథమున కోతిపిడికిలిని పేర్కొనెను. అంతకు జాల పూర్వము, క్రీ. శ. 208 ప్రాంతమున మరణించిన హ్వాతువో యను వైద్యుడు పులి, లేడి, ఎలుగు, కోతి, పక్షి వీని కదలికలతో వ్యాయామము నేర్పెనని చీనా చరిత్రలు చెప్పుచున్నవి. అది యారోగ్యమునకే గాని పోరునకు గాదు. చెరసాల కథ 'దాషెంగ్' అను నొక శాఖకు మాత్రమే చెందినది. ఆ పేరు 'పశ్చిమయాత్ర' కథలోని వానరవీరునిది. ఆ కథలో వాని గురువెవరనుకొన్నారు? 7వ శతాబ్దిన మన ధాన్యకటకమునకు వచ్చిన హ్యూయన్‌త్సాంగే.

ఇక పోరు. మోకాళ్లు వంచి, మేను ముడిచి, నేలపై దొర్లుచు శత్రువు మోకాళ్లను, గజ్జలను గురిచూతురు. ఎగిరి కన్నులను, గొంతును బట్టుదురు. దాషెంగ్‌లో నైదు తీరులు కలవు. నిలుచుకోతి పొడగరులకు. రాతికోతి దెబ్బల నోర్చి మారుదెబ్బ తీయును. కొయ్యకోతి కోపించి పైబడి పట్టి లాగును. దారితప్పినకోతి బెదరినట్లు నటించి, శత్రు వేమరినంతనే కొట్టును. త్రాగినకోతి తూలి పడిపోవును. ఆ పడుటయే యెత్తు. పడినవాని కాళ్లు నిలిచినవాని మోకాళ్లకు మిక్కిలి చేరువ.