రెటీనా పొరకు నీలి అద్దకం

ధర్మవరంలో పట్టు నూలుకు రంగు పట్టించే ఆమ్ల వర్ణకాలకూ, కంటి వెనుకనున్న రెటీనాకు శస్త్రచికిత్స చేసేటప్పుడు వైద్యులు వాడే బ్రిలియంట్ బ్లూ అనే నీలి రంగుకూ దగ్గరి చుట్టరికం ఉంది. పట్టులాగే మాంసకృత్తుతో ఏర్పడిన ఉన్నిని అద్దడానికి పుట్టిన ఆ రంగు, మాంసకృత్తును అంటిపెట్టుకొనే గుణం వల్లనే ప్రయోగశాలల మీదుగా కంటి ఆపరేషన్ దాకా వచ్చింది.

రెటీనా నడుమ, సూటి చూపుకు ఆధారమైన చోటును మాక్యులా అంటారు. అక్కడ చిల్లు పడితే తిన్నని గీతలు వంకరపోతాయి, చూపు మధ్యలో కొంత మేర మాయమవుతుంది. పడుగు పోగుల వరుస మీదే రోజంతా దృష్టి నిలిపే నేతగాడికి ఇంతకు మించిన కష్టం ఉండదు. 1991లో కెల్లీ, వెండెల్ అనే అమెరికా వైద్యులు 52 కళ్లకు ఆపరేషన్ చేస్తే 58 శాతం చిల్లులే మూసుకున్నాయి. ఆ తరువాతి కాలంలో రెటీనా పైపొరను కూడా ఒలిచివేయడం అలవాటయ్యాక ఆ సంఖ్య 90 శాతం దాటింది.

అయితే ఆ పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండు మూడింతలే, పైగా గాజులా పారదర్శకం. రంగు తగిలితే నీలంగా తేలుతుంది. సన్నని పట్టకారుతో అంచు పట్టి లాగగానే ఒలిచిన మేర వెలవెలబోయి, మిగిలిన మేర నీలంగా నిలిచి, రెంటి నడుమ గీత గీసినట్టు హద్దు కనిపిస్తుంది.

2000 ప్రాంతంలో ఇందుకు మొదట వాడిన ఇండోసయనిన్ గ్రీన్ కొన్ని కళ్లకు చేటు చేసింది. చూపు పరిధి తగ్గడం, రెటీనా కింది వర్ణకణాలు దెబ్బతినడం, నెలల తరువాత కూడా రంగు ఛాయ మిగలడం బయటపడ్డాయి. ద్రావణపు గాఢత, లవణసాంద్రత, రంగు నిలిచిన సమయం, పైన పడే దీపకాంతి అన్నీ ఇందులో పాత్ర వహిస్తాయి. 2006లో జపాన్ వైద్యుడు ఎనైదా బృందం ప్రవేశపెట్టిన బ్రిలియంట్ బ్లూ, తక్కువ గాఢతలోనే పని జరిపిస్తుంది కనుక మేలైనదిగా స్థిరపడింది. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని ఆమోదించింది. నూలును మరిగే తొట్టెలో ముంచే అద్దకానికి భిన్నంగా, ఇక్కడ రంగు కాసేపే ఉండి వెంటనే కడిగివేయబడాలి.

పొర ఒలిచిన చోట నరపు పోగుల వెంట ఏళ్ల తరబడి కనిపించే సన్నని గాడులు రంగు వల్ల కాక ఒలవడం వల్లనే ఏర్పడతాయి. యాభై దాటినవారికి ఈ ఆపరేషన్ అయిన ఒకటి రెండేళ్లలో శుక్లం ముదరడం మామూలు కనుక, కుదిరిన చూపు మళ్లీ మసకబారితే చిల్లు తిరగబెట్టిందని భయపడక ముందు శుక్లం కోసం పరీక్ష చేయించుకోవాలి; దానికి విడిగా ఆపరేషన్ ఉంది.