అడ్మినిస్ట్రేటర్ అనుమతి – అడిగే పద్ధతి



ఇంటర్వ్యూలో ఎలా నెగ్గాలో చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఎదురయ్యే ఒక చిక్కు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. కంపెనీ ఇచ్చిన కంప్యూటర్లో పనికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇమ్మని తెర మీద అడుగుతుంది. అది మన దగ్గర ఉండదు. అప్పుడు హాస్టల్ నుంచి వెళ్ళిన మనవాళ్ళు సాధారణంగా రెండు పనులు చేస్తారు. అడగడానికి మొహమాటపడి మూడు రోజులు ఊరికే కూర్చుంటారు. లేదా పక్క సీటు సీనియర్‌ని బతిమాలి ఆయన పాస్‌వర్డ్‌తో పని కానిచ్చుకుంటారు. మొదటిదానితో చెడ్డపేరు వస్తుంది. రెండోదానితో ఉద్యోగమే పోవచ్చు.

అసలు ఆ పాస్‌వర్డ్ అందరికీ ఎందుకివ్వరు? మన హాస్టల్ స్టోర్ రూమ్ తాళం వార్డెన్ గారి దగ్గర ఉంటుంది. ఆ పూట భోజనానికి ఎంత కావాలో అంత బియ్యం కొలిచి వంటవాళ్ళకిస్తారు, స్టాకు రిజిస్టర్లో రాస్తారు. అంతమాత్రాన వంటవాళ్ళను దొంగలని ఎవరూ అనుకోరు కదా! కంప్యూటర్లలోనూ అదే సూత్రం. ఎవరికైనా వారి పనికి అవసరమైనంత అధికారమే ఉండాలని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు 1975లోనే రాశారు. మెయిల్‌తో వచ్చిన వైరస్‌ను మనం పొరపాటున తెరిస్తే, మనకున్న అధికారమే దానికీ వస్తుంది. మనది మామూలు లాగిన్ అయితే చాలావరకు మన ఫైళ్ళ దగ్గరే ఆగుతుంది. అడ్మినిస్ట్రేటర్ లాగిన్ అయితే యాంటీవైరస్‌ను ఆపేసి, కొత్త యూజర్లను సృష్టించి, నెట్‌వర్క్‌లోని మిగతా కంప్యూటర్ల మీద పడుతుంది.

దివిసీమ నుంచి వచ్చినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాలువ షట్టర్లు ఎత్తడం, దించడం లస్కరు పని. ఎగువ రైతు తన చేను ఎండుతోందని రాత్రికి రాత్రి షట్టరు ఎత్తుకుంటే, కోడూరు, నాగాయలంక శివారు పొలాలకు నీరందదు. ఆ రైతు అవసరం నిజమైనదే. అయినా ఆ నీరు ఆయనొక్కడిదే కాదు.

పెద్దవాళ్ళ చేతిలో ఉన్నా ఈ అధికారం ప్రమాదమే. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం 2009 జనవరి 7న బయటపడింది. కంపెనీ కంప్యూటర్లలోకి 'సూపర్ యూజర్' లాగిన్‌తో 7,561 నకిలీ ఇన్‌వాయిస్‌లు ఎక్కించి, మామూలు సిబ్బందికి కనబడకుండా దాచారని సి.బి.ఐ. దర్యాప్తులో తేలింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా తేల్చింది. తరువాతి నెలలో అప్పీలు మీద ఆ శిక్షల అమలు నిలిచింది.

ఇక అడిగే విషయం. తాళం అడగకండి, పని చెప్పండి. "నాకు అడ్మిన్ యాక్సెస్ కావాలి" అంటే ఎవరికైనా అనుమానమే వస్తుంది. ముందు టీమ్ లీడర్‌కు నోటితో చెప్పి, తరువాత మెయిల్ రాయండి. హెల్ప్ డెస్క్ ఉంటే అందులో టికెట్ పెట్టండి. మెయిల్ ఇంగ్లీషులోనే రాయాలనుకోండి, కానీ సారాంశం ఇలా ఉండాలి:

"నాకు అప్పగించిన బిల్లింగ్ ప్రోగ్రాం పరీక్షించడానికి ఫలానా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కావాలి. అది ఎక్కించడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి అవసరం. సోమవారం నుంచి బుధవారం వరకు, ఈ ఒక్క కంప్యూటర్ మీద ఇస్తే చాలు. లేదా మీవాళ్ళే ఎక్కించినా సరిపోతుంది. ఇది లేనందున నిన్నటి నుంచి పని ఆగింది."

చివరి వాక్యం తప్పకుండా రాయండి. ఆలస్యానికి కారణం మీరు కాదని తేదీతో సహా తెలుస్తుంది. సెలవు చీటీలో రాసినట్టు 'సవినయంగా మనవి చేసుకుంటున్నాను' అని నాలుగు లైన్లు మాత్రం వద్దు. అక్కడ మేనేజరును కూడా పేరుపెట్టి పిలుస్తారు, మొదట్లో మనకు నోరు రాదు!

కుదరదంటే బాధపడకండి. అయితే ఈ పని ఎలా చేయమంటారో అడగండి. చాలాచోట్ల వాళ్ళే దూరం నుంచి ఎక్కించి ఇస్తారు. ఆ జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి.

బందరులోనో గుడివాడలోనో చిన్న ఆఫీసులో చేరినవారికి హెల్ప్ డెస్క్ ఉండదు. ఓనరు గారి పాస్‌వర్డే అందరూ వాడుతుంటారు, కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించి ఉంటుంది. నా దృష్టిలో పెద్ద కంపెనీ కంటే ఇదే ఎక్కువ ప్రమాదం. ఏదైనా ఫైలు పోతే చేసిందెవరో తేలదు, కొత్తగా వచ్చినవాళ్ళ మీదకే వస్తుంది. మన తరఫున మాట్లాడడానికి అక్కడ ఎవరూ ఉండరు. "సార్, నాకు వేరే లాగిన్ పెట్టించండి, నేను చేసిన పని విడిగా తెలుస్తుంది" అని మొదటి రోజే అడగండి. విండోస్‌లో అది పది నిమిషాల పని.

సీనియర్ పాస్‌వర్డ్ సంగతి కూడా చెప్పాలి. ఆయన మంచి మనసుతోనే ఇచ్చినా తీసుకోకండి. కంప్యూటర్ లాగ్‌లో ఆయన పేరు పడుతుంది, విచారణలో మీ పేరు బయటికొస్తుంది. మోసపు ఉద్దేశంతో ఇంకొకరి పాస్‌వర్డ్ వాడితే ఐ.టి. చట్టం 66-సి సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మోసం లేకపోయినా కంపెనీ నిబంధన మీరినట్టే.

అనుమతి వచ్చాక ఆ లాగిన్‌తో మెయిల్ చూడడం, ఇంటర్నెట్ తిరగడం చేయకండి. పని కాగానే మామూలు లాగిన్‌కు వచ్చేయండి. గడువు పూర్తయిన రోజు "పని అయింది, నా అనుమతి తీసేయండి" అని మీరే మెయిల్ పెట్టి, తీసేశామని వచ్చిన జవాబును దాచుకోండి.