ఓడిన పిల్లకీ ఓ బల్ల

మహబూబ్‌నగర్‌లో పిల్లల చదరంగం పోటీలంటే మా అమ్మాయిని తీసుకుని ముందురోజే బయల్దేరాను. నల్గొండ నుంచి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులు మారుతూ చేరేసరికి చీకటి పడింది. "ఆడపిల్లకు గీ ఆటలెందుకు బిడ్డా, ఏమొస్తది?" అని మా అత్తమ్మ అన్న మాట దారి పొడుగునా వెంటే వచ్చింది.

ఫంక్షన్ హాల్లో పెళ్లి భోజనాలకు వేసే బల్లలే వేశారు. మా పిల్ల మొదటి ఆట ఓడింది. రెండోదీ ఓడింది. "ఇగ ఇంటికి పోదాం అమ్మా" అని నా కొంగు పట్టుకుంది. మధ్యాహ్నం బస్సు అందుకోవచ్చని, నిజం చెప్పాలంటే, నాకూ అనిపించింది. ఆర్బిటర్‌ని అడిగితే, "ఇది స్విస్ పద్ధతి మేడమ్, ఓడినా చివరిదాకా ఆడొచ్చు" అన్నాడు.

ఈ పద్ధతిని మొదట 1895లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో వాడారు. పేరు అట్లా వచ్చింది. ప్రతి రౌండులో వీలైనంతవరకు సమాన పాయింట్లున్న వాళ్లనే జత కలుపుతారు. ఓడిన పిల్లకి ఓడిన పిల్లే ఎదురవుతుంది. వందమంది వచ్చినా ఆరేడు రౌండ్లలో పోటీ తేలిపోతుంది. హాలు అద్దె చూసుకునే చిన్న ఊళ్లకి ఇంతకంటే ఏం కావాలి!

కోనేరు హంపిది నా ఈడే. 2002లో పదిహేనేళ్లకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది. నాకు గుర్రం ఎటు దూకుతుందో ఇప్పటికీ తెలీదు. అదే హంపి 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ పోటీల్లో మొదటి రౌండే ఓడిపోయింది. అప్పటికి ఓ బిడ్డ తల్లి కూడా. అక్కడా స్విస్ పద్ధతే, 11 రౌండ్లు. చివరికి ఎనిమిదిన్నర పాయింట్లతో విజేత ఆమే. ఇంటికి పంపేసే పోటీ అయితే ఆ కథే లేదు కదా!

ఇదంతా మా పిల్లకి చెప్పాను. ఊ కొట్టింది, అంతే. మూడో రౌండులో జత మిగల్లేదని ఆడకుండానే ఒక పాయింటు ఇచ్చారు. "నేనేం గెలిచిన అని?" అని ఇంకా ఏడ్చింది. నాలుగో రౌండులో తనలాగే కళ్లు తుడుచుకుంటూ వచ్చిన ఓ పాప మీద గెలిచింది. ఐదోది పోయింది, ఆరోది డ్రా. మొత్తం రెండున్నర. ఆ ఓడిన పాప, ఇదీ కలిసి నా డబ్బాలోని సకినాలు ఖాళీ చేశారు.

తిరుగు బస్సులో నా అరచేతిలో వేలితో గళ్లు గీసి, గుర్రం ఎట్లా దూకుతుందో నేర్పించింది.