మూడు తీగల ముచ్చట

ప్రయోగశాలలో 8051 బోర్డు ముందు కూర్చున్న ప్రతివారూ మొదట చేసే పని ఒక చిన్న దీపాన్ని వెలిగించి ఆర్పడం. అది వెలిగితే ఎంతో సంతోషం. కాని లోపల ఏ లెక్క జరుగుతున్నదో, ఏ విలువ వచ్చిందో ఆ బోర్డు మనకు చెప్పాలంటే దీపం చాలదు, దానికి మాట రావాలి. ఆ మాట పేరే సీరియల్ కమ్యూనికేషన్. ఇది దీపం వెలిగినంత తేలిగ్గా లొంగదు. కంప్యూటర్ తెర మీద ఇంగ్లీషు అక్షరం 'ఏ' రావలసిన చోట ఏవో పిచ్చి గుర్తులు వస్తాయి, లేదా అసలేమీ రాదు. వెంటనే "బోర్డు పోయిందిరా!" అనేస్తాం. చాలాసార్లు బోర్డు నిక్షేపంగానే ఉంటుంది. తప్పినది రెండు యంత్రాల మధ్య ఒప్పందం. ఆ ఒప్పందమేమిటో తెలిస్తే కొత్త బోర్డు కొనే పని ఉండదు, కాగితం పెన్సిలు చాలు.

పుంతదారిలో బండ్లు

ఒక అక్షరమంటే ఎనిమిది బిట్లు. ఎనిమిది తీగలుంటే వెడల్పు రోడ్డు మీద బండ్లలాగా పక్కపక్కనే పోవచ్చు. ఒక్క తీగే ఉంటే పుంతలో బండ్లలాగా ఒకదాని వెనుక ఒకటి పోవాలి. ఇదే సీరియల్ పద్ధతి.

ఒక బిట్టు ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో వినేవానికి ఎలా తెలుస్తుంది? కాలాన్ని చెప్పడానికి ఇక్కడ వేరే తీగ లేదు. అందుకని వేగాన్ని ముందుగానే అనుకోవాలి. సెకనుకు 9600 అనుకుంటే ఒక్కో బిట్టుకు సుమారు 104 మైక్రోసెకన్లు. మాటలేమీ లేనప్పుడు తీగ 1లో ఉంటుంది. అది 0కి దిగిందంటే "వస్తున్నా, కాసుకో" అని అర్థం. అది స్టార్ట్ బిట్. తరువాత ఎనిమిది బిట్లు, అన్నిటికన్న చిన్న విలువది ముందుగా వస్తాయి. చివర 1గా స్టాప్ బిట్. మొత్తం పది. ఈ వేగాన్ని కొలిచే 'బాడ్' అన్న మాట ఫ్రెంచి టెలిగ్రాఫు ఇంజనీరు ఎమిల్ బోదో (1845–1903) పేరు మీద వచ్చింది.

11.0592 అనే వింత సంఖ్య

8051 బోర్డుల మీద తరచు 11.0592 మెగాహెర్ట్జ్ అని రాసిన క్రిస్టల్ కనిపిస్తుంది. గుండ్రంగా 12 ఉండక ఇదేం అంకె అనిపిస్తుంది కదా! ఇంటెల్ వారు 1980లో తెచ్చిన ఈ చిప్పు క్రిస్టల్ వేగాన్ని మొదట 12తోను, సీరియల్ పనికి మళ్ళీ 32తోను భాగిస్తుంది. 1,10,59,200ను అలా భాగిస్తే సరిగ్గా 28,800. దాన్ని టైమరు చేత 3తో భాగింపజేస్తే 9600, ఒక్క చుక్క కూడా తేడా లేదు. టైమరు 256 దాకా ఎక్కి మళ్ళీ మొదలవుతుంది గనుక అందులో 253 వేస్తాం. రికార్డులో అందరం రాసే ఎఫ్‌డీ అదే.

ఇప్పుడు 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉన్న బోర్డులో అదే ప్రోగ్రాం వేద్దాం. 31,250 వస్తుంది. 3తో భాగిస్తే సుమారు 10,417. ఒక్కో బిట్టు 96 మైక్రోసెకన్లే ఉంటుంది. కంప్యూటరేమో 104 అనుకుని వింటున్నది. కొబ్బరి గుంతలకు గుర్తులు పెట్టేటప్పుడు ఇద్దరి తాళ్ళలో ముడి ముడికీ కాస్త తేడా ఉంటే ఏమవుతుంది? మొదటి గుంత దగ్గర తేడా తెలియదు, పదో గుంతకు వచ్చేసరికి ఎవరి వరుస వారిదే. ఇక్కడా అంతే. కంప్యూటరు ప్రతి బిట్టునూ దాని నడిమధ్యలో చూస్తుంది. ఐదు బిట్ల దాకా ఎలాగో సర్దుకుంటుంది. ఆరవది చూడవలసిన వేళకు ఏడవది నడుస్తుంటుంది. లెక్క కట్టి చూడండి, 'ఏ' సంకేతం 65 పంపితే అవతల 161గా చేరుతుంది. పిచ్చి గుర్తులు ఊరికే రావడం లేదు, ఈ లెక్క ప్రకారమే వస్తున్నాయి!

దీనికి విరుగుడు క్రిస్టల్ మార్చడం. అదీ అక్కరలేని దారి ఇంకొకటుంది. 31,250ని 13తో భాగిస్తే 2404. కంప్యూటరును 2400కి దించి, టైమరులో 243 వేస్తే తేడా నూటికి పావు వంతు కూడా లేదు. పైసా ఖర్చు లేకుండా పని జరిగిపోతుంది.

తీగల సంగతి

అసలేమీ రాకపోతే తీగలు చూడాలి. ఒకరి నోరు రెండోవారి చెవికి చేరాలి గనుక పంపే కాలు టీఎక్స్‌ను అవతలి వినే కాలు ఆర్‌ఎక్స్‌కు కలపాలి. నోటికి నోరు కలిపితే ఏం వినబడుతుంది? మూడో తీగ గ్రౌండు. అది లేకపోతే ఎంత వోల్టేజి అన్నది దేన్నిబట్టి కొలవాలో ఇద్దరికీ తెలియదు.

మరో జాగ్రత్త. 8051కి 5 వోల్టులంటే 1, సున్నా వోల్టులంటే 0. పాత ఆర్‌ఎస్-232 పోర్టులో అలా కాదు. అక్కడ 1 అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, 0 అంటే ప్లస్ 3 నుంచి 15. మధ్యలో మాక్స్232 వంటి దుబాసీ చిప్పు లేకుండా నేరుగా కలిపితే అప్పుడు మాత్రం నిజంగానే బోర్డు పోవచ్చు.

వెతికే పద్ధతి

చివరి మడికి నీళ్ళు రాకపోతే చేనంతా తవ్వం. మోటారు దగ్గర మొదలుపెట్టి కాలవ వెంట నడుస్తూ గండి ఎక్కడ పడిందో చూస్తాం. ఇదీ అదే తీరు. ముందు బోర్డును తీసేసి, యూఎస్‌బీ కన్వర్టరు టీఎక్స్, ఆర్‌ఎక్స్ రెంటినీ ఒక చిన్న తీగతో కలపాలి. తెర మీద లోకల్ ఎకో ఆపి ఒక అక్షరం కొట్టాలి. తిరిగి వచ్చిందా, కంప్యూటరు, కేబులు, కన్వర్టరు బాగున్నట్టే. అప్పుడు బోర్డు వైపు నడవాలి. తీగలు మారాయా, గ్రౌండు కలిసిందా, క్రిస్టల్ మీద ఏ అంకె ఉంది, చివరకు ప్రోగ్రాం. అందులో అక్షరాన్ని ఎస్‌బఫ్‌లో వేశాక టీఐ అనే జెండా లేచేదాకా ఆగి, దాన్ని మనమే దించి, ఆపైన రెండోది వెయ్యాలి. ఆగకపోతే వెళుతున్న అక్షరం మధ్యలోనే చెడుతుంది.

ఇంత తాపత్రయం దేనికి?

పరీక్షలో ఒక ప్రశ్నకు మాత్రమే అయితే ఇంత అక్కరలేదు. కాని చీకట్లో బావి దాకా నడిచి మోటారు వేసి రావడమంటే ఏమిటో వ్యవసాయం ఇళ్ళ పిల్లలకు చెప్పనక్కరలేదు. నేడు ఫోను కొడితే మోటారు వేసే మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. ఆ పెట్టెల్లో సాధారణంగా ఉండేవి ఒక మైక్రోకంట్రోలరు, ఒక సిమ్ కార్డు మోడెము. ఆ రెండూ మాట్లాడుకునేది ఈ సీరియల్ తీగల మీదే. కంట్రోలరు 'ఏటీ' అని పిలిస్తే మోడెము 'ఓకే' అని పలుకుతుంది. ఎప్పుడైనా పలకకపోతే రైతుకు వినబడేది ఒక్కటే మాట, "పెట్టె పోయింది, కొత్తది తీసుకో." నాట్ల వేళ ఆ మాట ఎంత బరువో, ఎన్ని రోజుల తడి తప్పుతుందో మనకు తెలుసు. బోర్డు పోయిందా, గ్రౌండు తీగ ఊడిందా అన్నది చూసి చెప్పగల మనిషి ఊరికొకరు ఉంటే చాలు. సైన్సు చదువుకున్న మనలోనే ఆ మనిషి ఎందుకు ఉండకూడదు?