వేగపు కారునకు హెడ్డరు: కొద్ది సొమ్ముతో ఎన్నుకొను విధము



నేటి నా ప్రసంగమునకు విషయము, మోటారుకారు ఇంజనునకు తగిలించు హెడ్డరు అను పొగగొట్టముల అమరిక. ఇది పట్టణమునందలి పడుచువారి వేడుక కదా, పల్లెటూరి పెద్దలకు దీనితో నేమి పనియని మీరడుగవచ్చును. పని కలదు. మన గ్రామములనుండి శిక్షణకై అమీర్‌పేటకును, ఉద్యోగములకై పంజగుట్టకును, బంజారా హిల్స్‌కును పోయిన యువకులలో కొందరు చౌకగా ఒక పాతకారు కొని, దానిని మిక్కిలి వడిగలదానిగా మార్పవలెనని ముచ్చటపడుచున్నారు. ఆ ముచ్చటకు మొదటి మెట్టు తఱుచుగా హెడ్డరే. దానికై ఇంటికి ఫోను చేసి సొమ్మడుగుదురు. ఆ సొమ్ము ఒక పంట మిరపకాయల వెల కావచ్చును. ఈయవచ్చునో, ఈయరాదో తేల్చుటకు వస్తువు స్వభావము తెలిసియుండవలెను. తెలియక కాదన్నచో మొండితనమగును. తెలియక ఔనన్నచో నష్టమగును.

ఇంజను కూడ మనవలెనే ఊపిరి పీల్చి విడుచునది. లోపల పిస్టను నాలుగు నడకలలో ఒక పని ముగించును. మొదటి నడకలో గాలిని, పెట్రోలు ఆవిరిని పీల్చును. రెండవదానిలో ఆ మిశ్రమమును నొక్కును. దానికి నిప్పురవ్వ తగిలి మండినపుడు మూడవ నడకలో బలము పుట్టును. నాలుగవదానిలో కాలిన వాయువు బయటికి నెట్టబడును. ఈ నాలుగవ నడకకు ఇంజను తాను పుట్టించిన బలములోనే కొంత వెచ్చించుకొనవలెను. పొగపోవు దారి ఇరుకైనకొలది ఆ వెచ్చము పెరుగును. అంతేకాక, పోక మిగిలిన పొగ లోపలనే నిలిచి, తరువాత రావలసిన మంచిగాలికి చోటు తగ్గించును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరు సెకండునకు 25 మారులు పొగ విడుచును. నాలుగును కలిసి 100 మారులు విడుచును. పని ఇంత త్వరగా జరుగుచున్నది గనుకనే దారిలోని చిన్న అడ్డంకికి కూడ లెక్కయున్నది.

ఈ పొగ మొట్టమొదట చేరునది కర్మాగారమువారు అమర్చిన మానిఫోల్డు. పాతకార్లలో ఇది చాలవఱకు పోతయినుముతో చేసిన పొట్టికొమ్మల గొట్టము. బలమైనది, చప్పుడును అణచునది, ఏండ్లతరబడి చెడనిది. దానికి గల లోపమేమన, కొమ్మలు పొట్టివి, వంపులు బిగువైనవి. నాలుగు మడులనుండి నాలుగు బోదెలు వచ్చి ఒకే మురుగుకాలువలో అడ్డముగా పడినచో నేమగునో రైతులకు నేను చెప్పనక్కఱలేదు. ఒక బోదెనీరు మఱియొక బోదెమూతిని ఎదురుతన్నును. మానిఫోల్డులో ఒక సిలిండరు పొగ మఱియొక సిలిండరును ఎదురుతన్నుట అట్టిదే.

హెడ్డరునందు ఒక్కొక్క సిలిండరునకు ఒక్కొక్క పొడవైన గొట్టముండును. అవి యించుమించు సమానమైన పొడవుతో, ఒకే దిక్కునకు వాలి, కలెక్టరు అను కూడలిలో కలియును. దీనివలన ఎదురుతన్ను తగ్గుటయే కాక మఱియొక మేలు కలదు. ఇరుకు సందులో బస్సు వడిగా పోయినపుడు దాని వెనుక ఎండుటాకులు లేచి కొంతదూరము వెంబడించుట మీరు చూచియే యుందురు. అట్లే గొట్టములో వడిగా పోవు పొగముద్ద వెనుక పీడనము తగ్గి, సిలిండరులో మిగిలిన పొగ వెలుపలికి ఈడ్వబడును. హెడ్డరు చేయు ఉపకారమంతయు ఈ యీడ్పునందే యున్నది. మెఱుపునందు లేదు, మ్రోతయందును లేదు.

ఇట్లు దక్కు లాభమెంత? నూరు గుఱ్ఱముల శక్తిగల మామూలు ఇంజనునకు మంచి హెడ్డరు తగిలించి నాలుగైదు గుఱ్ఱముల శక్తి హెచ్చినచో సంతోషింపవలసినదే. ఉదాహరణకు 2000 సంవత్సర ప్రాంతమున మనదేశమున వచ్చిన హోండా సిటీ 1.5 వి-టెక్ కారును తీసికొందము. దానికి సుమారు 106 గుఱ్ఱముల శక్తి. వేగప్రియులు నేటికిని వెదకి కొను పాతకార్లలో అదియొకటి. హెడ్డరు ఒక్కదానితో అట్టిది 130 అగునని ఎవరైన చెప్పినచో ఆ మాట నమ్మదగినది కాదు. టర్బో అను గాలిచక్రముగల ఇంజన్ల తీరు వేఱు. నేను చెప్పబోవునది ఆ చక్రము లేని బండ్లకే వర్తించును.

ఇక ఎన్నిక మాట. నాలుగు సిలిండర్ల ఇంజనునకు హెడ్డర్లు ముఖ్యముగా రెండు విధములు. నాలుగు గొట్టములును ఒక్కచోటనే కలియునది మొదటి విధము. నాలుగు మొదట రెండై, ఆ రెండు పిమ్మట ఒకటియగునది రెండవ విధము. దీనిని బజారులో ఫోర్-టు-టు-వన్ అందురు. ఇందు ఒకటవ సిలిండరునకు నాలుగవదానిని, రెండవదానికి మూడవదానిని జతచేయుదురు. ఏలయన, ఇంజను సాధారణముగా 1-3-4-2 అను వరుసలో మండును గనుక, ఇట్లు జతపడిన రెండింటి పొగల నడుమ ఇంజను ఒక పూర్తిచుట్టు తిరుగును. ఒకదాని నొకటి తన్నుకొనవు. మొదటి విధము ఇంజను మిక్కిలి వడిగా తిరుగునపుడు ఎక్కువ లాభమిచ్చును. అది పందెపుబాటలకు తగినది. రెండవది మధ్యవేగమున బలమిచ్చును.

బంజారా హిల్స్ రాళ్లగుట్టలమీద వెలసిన పేట. దాని దారులు ఎక్కుదిగుళ్లతో నిండినవి. పంజగుట్టవైపునకు దిగినచో అడుగడుగునకు ఆగవలసిన రద్దీ. అచట నిమిషమునకు 6000 చుట్లు తిరుగు అవకాశము ఇంజనునకు ఎప్పుడో గాని కలుగదు. ఆగిన బండి వాలు నెక్కుటకు కావలసినది క్రిందివేగపు, మధ్యవేగపు బలము. కావున అచట తిరుగు బండికి రెండవ విధమే మేలని నా యభిప్రాయము.

గొట్టము లావైనకొలది మంచిదనుట పెద్ద భ్రమ. 38 మిల్లీమీటర్ల గొట్టమునకు బదులు 45 మిల్లీమీటర్లది పెట్టినచో లోపలి వైశాల్యము నూటికి సుమారు 40 వంతులు పెరుగును. అదేపొగకు దారి వెడల్పయినపుడు వడి తగ్గును. వడి తగ్గినచో నేను మునుపు చెప్పిన యీడ్పు తగ్గును. కాలువ వెడల్పుచేసిన చోట నీరు మందగించి ఒండ్రు వేయుట వంటిదే యిది. 1500 ఘనపు సెంటీమీటర్ల ఇంజనునకు ఒకటిన్నర అంగుళమునకు అటునిటుగా నుండు గొట్టము చాలును.

లోహమునుగూర్చి రెండుమాటలు. మామూలు ఉక్కు చౌక, అతుకుట సులభము. కాని త్రుప్పు పట్టును. 304 అను స్టెయిన్‌లెస్ ఉక్కులో నూటికి సుమారు 18 వంతులు క్రోమియము, 8 వంతులు నికెలు ఉండును. త్రుప్పునకు లొంగదు, వెల హెచ్చు. మామూలు ఉక్కుపై తళతళలాడు పూతపూసి స్టెయిన్‌లెస్ అని అమ్మినచో అయస్కాంతముతో పరీక్షింపుడు. పూతదానికి గట్టిగా అంటుకొనును, 304 ఉక్కునకు అంటదు. అంటలేదు గదాయని అదే 304 అనుకొనరాదు. నికెలు తక్కువగల చౌకరకములు కొన్ని కూడ అంటవు. స్టెయిన్‌లెస్ వేడికి మామూలు ఉక్కుకంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు వ్యాకోచించును. అతుకు సరిగా లేనిచో అచటనే పగులును. కొద్దిసొమ్ము గలవారికి నా సలహా యేమన, పలుచని స్టెయిన్‌లెస్ కంటె 1.6 మిల్లీమీటర్ల మందముగల మామూలు ఉక్కు గొట్టము, దానిపై వేడికి నిలుచు పూత మేలు.

కొనునపుడు చూడవలసినవి ఇంకను కలవు. ఇంజనునకు బిగించు పలక, అనగా ఫ్లాంజి, దళసరిగా నుండవలెను. పలుచనైనచో వేడికి వంగి పొగ కారును. దానిపై ఉక్కుబద్ద నిలిపి చూచినచో సందు కనబడరాదు. వంపులకడ గొట్టము నొక్కుకొనిపోయి యుండరాదు. లోపల అచ్చుపెట్టి వంచిన గొట్టము గుండ్రముగనే యుండును. అతుకు లోపలివైపునకు ముద్దలు పొంగి దారి కడ్డుపడరాదు. ఆక్సిజన్ సెన్సారు బిగించు రంధ్రము మునుపటి స్థానమునకు దగ్గఱగనే యుండవలెను. ఆ సెన్సారు చెప్పినదానినిబట్టియే కంప్యూటరు పెట్రోలు పాలు నిర్ణయించును. దానికి ముందు ఎచటనైన కారుచున్నచో వెలుపలిగాలి లోపలికి దూరి, పెట్రోలు తక్కువయైనదని కంప్యూటరు భ్రమించి ఎక్కువ పోయును. లాభమునకై పెట్టినది నష్టము తెచ్చును. పొగ కారుటలో ప్రాణాపాయము కూడ కలదు. కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, అది కారులోపలికి చేరినచో నిద్రలోనే మనిషిని చంపును.

సొమ్మును మూడుపాళ్లు చేయవలెను. ఒకపాలు వస్తువునకు, రెండవపాలు గాస్కెట్లు, క్రొత్తబోల్టులు, కూలి మొదలగువానికి, మూడవపాలు బిగించిన పిదప కారు సరిచేయించుటకు. వస్తువునకే యంతయు పోసినవాడు పాతగాస్కెట్టుతో బిగించి, నెలతిరుగకమునుపే మరల విప్పించును. ఈ మూడు పాళ్లకంటె ముందు చూడవలసినవి బ్రేకులు, టైర్లు, ప్లగ్గులు, గాలివడపోత. గుట్టదిగుటకు బ్రేకులు లేని బండికి గుట్టయెక్కు బలమెందుకు?

కడపట మిక్కిలి ముఖ్యమైన విషయము చెప్పుచున్నాను. పొగదారిలో కెటలిటిక్ కన్వర్టరు అను నొక పెట్టె కలదు. ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువైన లోహములు పూసిన ఆ పెట్టె విషవాయువులలో అధికభాగమును బొగ్గుపులుసుగాలిగా, నీటియావిరిగా, నత్రజనిగా మార్చును. అది బాగుగ వేడెక్కినగాని పనిచేయదు. అందుచేత క్రొత్తబండ్లలో, ముఖ్యముగా 2020 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారత్ స్టేజి 6 నిబంధనలకు లోబడినవానిలో, తఱుచుగా దానిని మానిఫోల్డునకే అంటించి యుంచుదురు. అట్టిబండికి హెడ్డరు పెట్టుట యనగా ఆ పెట్టెను తీసివేయుటయే. అది చేయదగదు. కన్వర్టరు వేఱుగా క్రిందనున్న పాతబండికి మాత్రమే, దానిని కదల్పకుండ హెడ్డరు ఆలోచింపవచ్చును.

చట్టము కూడ తెలిసియుండవలెను. 1988 మోటారువాహనముల చట్టము 52వ సెక్షను, కర్మాగారము తెలిపిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతినే స్థిరపఱచినది. అదే సంవత్సరపు సవరణచేత అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానాయో, ఆఱునెలలవఱకు ఖైదో, రెండునో విధింపవచ్చును. పొగ, శబ్ద ప్రమాణములు మీఱినచో 10,000 రూపాయలవఱకు జరిమానా, మూడునెలలవఱకు ఖైదు, మూడునెలలు లైసెన్సు రద్దు కలవు. పదునైదేండ్లు నిండిన బండిని రిజిస్ట్రేషను పొడిగింపునకై మరల పరీక్షకు తీసికొనిపోవలెను గదా. అప్పుడు మార్పు బయటపడును. కావున కొనుటకు ముందే రవాణాశాఖ కార్యాలయమున, భీమా కంపెనీలో విచారించి, పాత మానిఫోల్డును పాతసామానువానికి అమ్మక భద్రపఱచుట వివేకము.

శబ్దమే శక్తియను తలంపు పిల్లలలో బలముగా నున్నది. పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి కలదు. ఆసుపత్రుల చుట్టును నూరు మీటర్లకు తక్కువగాని నిశ్శబ్దమండలము ఉండవలెనని 2000 సంవత్సరపు నియమములు చెప్పుచున్నవి. అచట రాత్రివేళ 40 డెసిబెళ్లకు మించరాదు. ఒక కుఱ్ఱవాని వేడుక మ్రోత, మనయూరినుండియే పోయి అచట పడకమీదనున్న రోగికి నిద్ర చెఱచవచ్చును. నిశ్శబ్దమున వేగము లేదందురా? 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరు ఒడ్డున ఫార్ములా-ఇ పందెము జరిగినది. అందు పరుగెత్తిన విద్యుత్తుకార్లకు పొగగొట్టమే లేదు.

అయ్యలారా! సొమ్మడిగిన పిల్లవానిని కసరవలదు; నాలుగు ప్రశ్నలడుగుడు. నీ బండిలో కన్వర్టరు ఎచట నున్నది? గొట్టముల కలయిక ఏ విధము, లావెంత? బిగింపునకును సరిచేయుటకును ఎంత మిగిల్చితివి? రవాణాశాఖవారిని అడిగితివా? ఈ నాలుగింటికి చక్కని సమాధానము చెప్పగలిగినవాడు తన పని తెలిసినవాడు. వాని ముచ్చట తీర్చవచ్చును. చెప్పలేనివానికి ఆ సొమ్ముతో ముందు మంచి బ్రేకులు, టైర్లు వేయించుకొమ్మనుడు. బండి చేయవలసిన మొదటిపని వడిగా పోవుట కాదు, మన బిడ్డను క్షేమముగా ఇంటికి చేర్చుట.