రెండక్షరాల మందు!

సి, జి... డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాల్లో రెండు. అవి ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తే చాలు, ఒంట్లోని రక్షణ దళం ఉలిక్కిపడి లేస్తుంది. ఆ గంటను గట్టిగా మోగిస్తే క్యాన్సర్‌ను తరమొచ్చా? మోగకుండా ఆపితే లూపస్‌లాంటి జబ్బులు తగ్గుతాయా? శాస్త్రవేత్తలను ఏళ్ల తరబడి పరుగులు పెట్టిస్తున్న ప్రశ్నలివి.

2022 మార్చి 16న దేశమంతటా 12-14 ఏళ్ల పిల్లలకు కొవిడ్‌ టీకా వేయడం మొదలైంది. అప్పుడు వేసిన కార్బెవాక్స్‌ను తయారుచేసింది హైదరాబాద్‌లోని బయొలాజికల్‌-ఇ సంస్థ. అందులో వైరస్‌ ప్రొటీన్‌ ముక్కతోపాటు ఇంకో వస్తువూ ఉంది. ప్రయోగశాలలో కూర్చిన 22 అక్షరాల డీఎన్‌ఏ పోగు! పేరు సీపీజీ 1018. అది మన జన్యువుల జోలికి వెళ్లదు. దాని పనల్లా ఒక్కటే... 'శత్రువు వచ్చాడు, లేవండి' అని కేకేయడం. పిల్లల భుజాల్లోకి వెళ్లిన ఆ చిన్న పోగు వెనక నూరేళ్లకు పైబడిన కథ ఉంది.

బీసీజీ విప్పిన గుట్టు

1891... న్యూయార్క్‌ సర్జన్‌ విలియం కోలీకి ఓ విచిత్రమైన ఆలోచన వచ్చింది. ఇన్‌ఫెక్షన్‌ సోకి తీవ్రంగా జ్వరం వచ్చిన కొందరు రోగుల్లో క్యాన్సర్‌ గడ్డలు కరిగిపోవడం ఆయన్ని ఆశ్చర్యపరిచింది. దాంతో తనే బ్యాక్టీరియాను రోగులకు ఎక్కించడం మొదలుపెట్టాడు. కొందరు కోలుకున్నారు, కొందరు ఆ ఇన్‌ఫెక్షన్‌తోనే పోయారు. ఎందుకలా జరిగిందో ఆ రోజుల్లో ఎవరికీ అంతుచిక్కలేదు.

ఆ తర్వాత బీసీజీ వంతు. పుట్టగానే క్షయ రాకుండా పిల్లలకు వేసే టీకా ఇదే. మూత్రాశయ క్యాన్సర్‌కు డాక్టర్లు నేటికీ దీన్ని వాడుతున్నారు. ఇంతకీ అందులో గడ్డ మీద పనిచేసేది ఏది? 1984లో జపాన్‌ శాస్త్రవేత్త టొకునాగా బృందం బీసీజీని భాగాలుగా విడదీసి పరీక్షించింది. తీరాచూస్తే... ఆ గుణం డీఎన్‌ఏలో కనిపించింది!

ఏ డీఎన్‌ఏ అయినా నాలుగు అక్షరాలే కదా, మరి బ్యాక్టీరియాది పరాయిదని ఒంటికెలా తెలుస్తుంది? అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థర్‌ క్రీగ్‌ బృందం 1995లో ఆ ముడి విప్పింది. బ్యాక్టీరియాలో సి తర్వాత జి వచ్చే జంటలు ఎక్కువ. మన డీఎన్‌ఏలో అవి తక్కువ. ఉన్నవాటిలోనూ చాలావాటి నెత్తిన మిథైల్‌ అనే చిన్న టోపీ ఉంటుంది. కాబట్టి టోపీలేని సి-జి కనిపిస్తే పరాయివాడన్నమాట! దాన్ని గుర్తుపట్టే కాపలాదారును 2000లో జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో షిజువో అకీరా బృందం పట్టుకుంది. అదే టీఎల్‌ఆర్‌-9 అనే ప్రొటీన్‌.

కాపలాదారు పొరబడితే...

ఈ కాపలాదారు కణం లోపల ఉంటుంది. కణం మింగిన చెత్తను అరిగించే సంచిలో దాని కాపలా. మామూలుగా మన డీఎన్‌ఏ అక్కడికి పెద్దగా చేరదు. కానీ లూపస్‌ రోగుల్లో చనిపోయిన కణాల డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కలు యాంటీబాడీలతో జతకట్టి ఆ సంచిలోకి వెళ్తాయి. అంతే... టీఎల్‌ఆర్‌-9, దాని తోబుట్టువు టీఎల్‌ఆర్‌-7 గంట మోగిస్తాయి. సొంత ఒంటి మీదే యుద్ధం మొదలవుతుంది. కీళ్లు, చర్మం, కిడ్నీలు దెబ్బతింటాయి. ఈ జబ్బు బారిన పడే ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది మహిళలే.

స్పెయిన్‌లో చిన్నవయసులోనే లూపస్‌ వచ్చిన ఓ బాలికను పరిశీలిస్తే టీఎల్‌ఆర్‌-7 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారినట్టు తేలింది. అదే మార్పును ఎలుకల్లో తెస్తే వాటికీ లూపస్‌లాంటి జబ్బే వచ్చింది. 2022లో వెలువడిన ఫలితమిది.

గంట ఒక్కటే చాలదు

ఇంత తెలిశాక మందు తయారీ ఎంతసేపు అనుకున్నారు చాలామంది. కానీ అనుకున్నంత తేలిక కాలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ రోగులకు కీమోథెరపీతో కలిపి సీపీజీ మందునిచ్చి చూసిన ఫైజర్‌, ఫలితం లేక 2007లో ఆ ప్రయోగాలను ఆపేసింది. ఐడెరా అనే అమెరికా కంపెనీ మెలనోమా అనే చర్మక్యాన్సర్‌ గడ్డలోకే మందు ఎక్కించి చూసింది. 2021లో ఆ ప్రయత్నమూ విఫలమైంది. గంట మోగకుండా ఆపడానికి అదే కంపెనీ తయారుచేసిన మరో మందు, కండరాలనూ చర్మాన్నీ దెబ్బతీసే డెర్మటోమయోసైటిస్‌ రోగుల్లో 2018లో ఆశించిన ఫలితమివ్వలేదు.

టీకాల్లో మాత్రం సీపీజీ గెలిచింది. హెపటైటిస్‌-బి టీకాకు సీపీజీ 1018ను జోడిస్తే ఆరునెలల్లో మూడు డోసులకు బదులు నెల తేడాతో రెండు డోసులే సరిపోయాయి. ఆ టీకాకు 2017లో అమెరికా అనుమతించింది. ఎందుకీ తేడా? టీకాలో గంటతోపాటు శత్రువు ఆనవాలు కూడా ఉంటుంది. సైన్యాన్ని లేపితే చాలదు, ఎవర్ని పట్టుకోవాలో చెప్పాలి!

కొత్త ఎంఆర్‌ఎన్‌ఏ క్యాన్సర్‌ టీకాలు చేస్తున్నది ఆ పనే. రోగి గడ్డలోని మార్పులను చదివి, ఆ మనిషికే ప్రత్యేకంగా ఆనవాళ్లు రాసిస్తాయి. అయితే బయటి ఆర్‌ఎన్‌ఏను చూసినా ఒంట్లో గంట మోగుతుంది. అందులో ఓ అక్షరాన్ని కాస్త మారిస్తే ఆ గోల తగ్గుతుందని 2005లో నిరూపించిన కాటలిన్‌ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023లో నోబెల్‌ దక్కింది. మోడెర్నా, మెర్క్‌ కంపెనీలు అలాంటి టీకాను 157 మంది మెలనోమా రోగులున్న అధ్యయనంలో పరీక్షించాయి. ఆపరేషన్‌ తర్వాత పెంబ్రోలిజుమాబ్‌ ఒక్కటే తీసుకున్నవారితో పోలిస్తే, దానికి టీకా జోడించినవారిలో జబ్బు తిరగబెట్టే లేదా మరణించే ముప్పు 44 శాతం తగ్గింది. 2023లో పెద్దఎత్తున మూడోదశ పరీక్షలు మొదలయ్యాయి.

అంటే ఆశ ఉంది, తొందర పనికిరాదు. 'ఒక్క డీఎన్‌ఏ ఇంజెక్షన్‌తో క్యాన్సర్‌ మాయం' అని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. ఇక లూపస్‌ ఉన్నవారికి ఒక మాట. డాక్టర్లు రాసే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ మాత్ర పాతదే, ఖరీదూ తక్కువే. కానీ అది చేసే పనుల్లో ఒకటి ఆ సంచిలోని గంటల జోరు తగ్గించడమే! ఒంట్లో బాగుందని దాన్ని సొంతంగా మానేయొద్దు. డాక్టర్‌ చెప్పినప్పుడల్లా కంటి పరీక్షలు చేయించుకుంటూ వాడుకోవాలి.