1,114 రోజుల నిరీక్షణలో పేపర్లు దిద్దిన రోజులెన్ని?

ఆంధ్రప్రదేశ్ పోలీసు నియామక మండలి 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది 2022 నవంబరు 28న. ఎంపికైనవాళ్లు మంగళగిరిలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా నియామక పత్రాలు అందుకున్నది 2025 డిసెంబరు 16న. మధ్యలో గడిచినవి 1,114 రోజులు.

ఉండి, ఆకివీడు, తాడేపల్లిగూడెం, ఏలూరు చుట్టుపక్కల ఈ నోటిఫికేషన్‌కి దరఖాస్తు పెట్టినవాళ్లు లేని ఊరు కనిపించడం కష్టం. రాష్ట్రం మొత్తం మీద 5.03 లక్షల మంది దరఖాస్తు చేశారు. ఒక్కో పోస్టుకి 82 మందికి పైగా. అంత పోటీలో ఆలస్యం తప్పదని పెద్దవాళ్లు సర్దిచెబుతుంటారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట నిలబడదు.

నోటిఫికేషన్ నుంచి ప్రిలిమ్స్ దాకా 55 రోజులు. ప్రిలిమ్స్ రాసినవాళ్లు 4,59,182 మంది. 2023 జనవరి 22న పరీక్ష జరిగితే ఫిబ్రవరి 5కల్లా ఫలితం వచ్చేసింది. అంటే 14 రోజులు. నాలుగున్నర లక్షల జవాబు పత్రాలకు రెండు వారాలు సరిపోయాయి. 95,208 మంది గట్టెక్కారు. ఆ తర్వాత దేహదారుఢ్య పరీక్షలు, కుర్రాళ్ల భాషలో 'ఈవెంట్స్', మొదలైంది 2024 డిసెంబరు 30న. ఈ ఒక్క ఖాళీయే 694 రోజులు. ఈవెంట్స్ 33 రోజుల్లో ముగిశాయి. అక్కడి నుంచి 2025 జూన్ 1 మెయిన్స్‌కి 120 రోజులు, మెయిన్స్ నుంచి ఆగస్టు 1 ఫలితాలకి 61 రోజులు, ఫలితాల నుంచి నియామక పత్రానికి 137 రోజులు. కూడితే సరిగ్గా 1,114.

ఇందులో రాత పరీక్ష అయ్యాక ఫలితం కోసం చూసిన రోజులు 14, 61 కలిపి 75. మొత్తంలో ఏడు శాతానికి కూడా రావు. పేపర్లు దిద్దడం ఆలస్యమై ఎవరి వయసూ కరిగిపోలేదు. కరిగించింది ఆ 694 రోజుల ఖాళీ. 2023 మార్చిలో జరగాల్సిన ఈవెంట్స్ ఎమ్మెల్సీ ఎన్నికల పేరుతో వాయిదా పడ్డాయి. ఆ పైన కోర్టు వ్యాజ్యాలు, 2024 సాధారణ ఎన్నికలు, ప్రభుత్వ మార్పు, న్యాయ సలహాలు. వీటిలో ఏ ఒక్కటీ అభ్యర్థి చేతిలోది కాదు.

డెల్టా లెక్కలో చెప్పుకుంటే ఆ ఖాళీలో నాలుగు పంటలు ఇంటికొచ్చాయి: 2023 దాళ్వా, సార్వా, మళ్లీ 2024 దాళ్వా, సార్వా. ఈ మొత్తం కాలం అభ్యర్థి పరుగు తప్పకుండా ఉండాలి. మగవాళ్లు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి, అంటే ప్రతి వంద మీటర్లూ 30 సెకన్లలో దాటుతూ పదహారు సార్లు. దానితోపాటు 15 సెకన్లలో వంద మీటర్ల పరుగు, 3.80 మీటర్ల లాంగ్ జంప్ ఈ రెండింటిలో ఒకటి నెగ్గాలి. ఆడవాళ్లకు 1,600 మీటర్లకి పదిన్నర నిమిషాలు. రాత పరీక్షకు చదివింది కొంతకాలం మెదడులో నిలుస్తుంది. పరుగు అలా నిలవదు. నెలరోజులు మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. తేదీ తెలియకుండా ఇరవై రెండు నెలలు తెల్లవారుజామున కాలువ గట్టు మీద పరుగెత్తుతూ, పగలు ఏదో ఒక పని చూసుకుంటూ, తిండికీ బూట్లకీ ఇంట్లో అడగలేక అడుగుతూ ఉండడం ఎంత కష్టమో రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా చేసి పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్లినవాడికి తెలుసు. అమ్మాయిలకు మరో బరువు తోడవుతుంది. ఫలితం తేలేదాకా పెళ్లి మాట ఎత్తొద్దని ఇంట్లో ఎన్నిసార్లు బతిమాలగలరు?

95,208 మందిలో ఈవెంట్స్ దాటి మెయిన్స్‌కి అర్హత పొందినవాళ్లు సుమారు 38,900. రానివాళ్లు, వచ్చి తప్పినవాళ్లు కలిపి 56 వేలు దాటారు. ఈ ఎంపిక మొత్తంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే అంకె ఇదే. 2023 మార్చిలోనే మైదానంలోకి పిలిచి ఉంటే వీళ్లలో అందరూ గెలిచేవారని అనను. కానీ ప్రిలిమ్స్ నెగ్గిన ఊపులో ఉన్నవాణ్ని పరీక్షించడం వేరు, రెండేళ్లు తేదీ చెప్పకుండా కూర్చోబెట్టి పరీక్షించడం వేరు. అప్పటికి వయసూ మారింది. జనరల్ అభ్యర్థికి గరిష్ఠ వయసు 24, ప్రత్యేక సడలింపు 2 ఏళ్లు. 26 అంచున దరఖాస్తు పెట్టినవాడు నియామక పత్రం నాటికి 29 దాటాడు. అది అందనివాడూ అదే వయసుకొచ్చాడు, మరో కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కి అర్హత లేకుండా.

పెద్ద సంఖ్యలు ఉంటే ఆలస్యం తప్పదా? మన రాష్ట్రమే కాదని చూపించింది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో 1.26 లక్షలకు పైగా పోస్టులకు 21.69 లక్షల దరఖాస్తులొచ్చాయి. పరీక్షలు సెప్టెంబరు 1 నుంచి 8 వరకు, ఫలితాలు సెప్టెంబరు 19న, సచివాలయాలు మొదలైంది అక్టోబరు 2న. పంతొమ్మిదిన్నర లక్షల మంది రాసిన పరీక్షకు ఫలితం 11 రోజుల్లో వచ్చింది. అయితే అక్కడ నిరీక్షణ ఉద్యోగంలో చేరాక మొదలైంది. నెలకు 15,000 రూపాయలతో రెండేళ్ల ప్రొబేషన్ అన్నారు. 2021 అక్టోబరుకి పూర్తికావాల్సింది 2022 జూన్‌లో గానీ ఉత్తర్వులు రాలేదు. ఈలోగా శాఖాపరమైన పరీక్షలు కూడా రాయాల్సి వచ్చింది.

2025 మెగా డీఎస్సీ మరో ఉదాహరణ. 16,347 టీచరు పోస్టులు; ఉమ్మడి పశ్చిమగోదావరి జిల్లాకి 1,035. ఏప్రిల్ 20న నోటిఫికేషన్, జూన్ 6 నుంచి జులై 2 దాకా కంప్యూటర్ పరీక్షలు, ఆగస్టు 1న తుది కీ, 11న మార్కులు, 22న మెరిట్ లిస్టు, సెప్టెంబరు 15న తుది జాబితా, 25న నియామక పత్రాలు. మొత్తం 158 రోజులు. పరీక్షకీ మార్కులకీ మధ్య 40 రోజులు ఎందుకు పట్టాయో చెప్పుకోదగ్గ కారణాలున్నాయి. ముందు ప్రాథమిక కీ ఇచ్చి అభ్యంతరాలు తీసుకోవాలి. నిపుణులు చూశాక తుది కీ. వేర్వేరు పూటల్లో పరీక్ష జరిగినప్పుడు ఒక పూట పేపరు కష్టంగా, ఇంకోటి తేలిగ్గా ఉంటుంది కనుక మార్కులను సమం చేయాలి. దాన్నే నార్మలైజేషన్ అంటున్నారు. దానికి 20 మార్కుల టెట్ వెయిటేజీ కలపాలి. టెట్ మార్కులు తప్పుగా నమోదు చేసుకున్నవాళ్లకు సవరించుకునే అవకాశం ఇవ్వాలి.

మెరిట్ లిస్టు నుంచి తుది జాబితాకి పట్టిన 24 రోజుల వెనక ఇంకో లెక్క ఉంది. దరఖాస్తు చేసినవాళ్లు 3,36,307 మంది, వాళ్లు పెట్టిన దరఖాస్తులు 5,77,675. సగటున ఒక్కొక్కరు ఒకటిన్నరకు పైగా. ఒకే మనిషి స్కూల్ అసిస్టెంటుకీ ఎస్జీటీకీ ఎంపికైతే, ముందుగా ఇచ్చిన ప్రాధాన్యం ప్రకారం ఒకటే దక్కుతుంది. వదిలిన సీటు కింది ర్యాంకువారికి జరుగుతుంది. జిల్లా, సబ్జెక్టు, మాధ్యమం, యాజమాన్యం, రిజర్వేషన్, మహిళా కోటా, క్రీడల కోటా అన్నిటా ఇలాగే జరగాలి. చివరికి 15,941 పోస్టులు నిండాయి, 406 మిగిలాయి. ఇది ఓపికతో భరించదగ్గ ఆలస్యం. ఎందుకంటే దశ దశకూ తేదీ కనిపించింది, ఎక్కడ ఆగిందో అభ్యర్థికి తెలిసింది.

దీనికి ఎదురుగా 1998 డీఎస్సీని పెట్టి చూడండి. ఆ పరీక్షలో అర్హత సాధించి పోస్టు దక్కనివాళ్లకు అవకాశమివ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది 2022లో. కనీస టైం స్కేలు మీద ఒప్పంద పద్ధతిలో వాళ్లు బడుల్లో చేరేసరికి 2023 వచ్చింది. పరీక్ష రాసిన నాడు 30 ఏళ్లున్న మనిషికి అప్పటికి 55.

టైపింగ్ లాంటి నైపుణ్య పరీక్షల దగ్గర మరో చిక్కు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇంటర్ స్థాయి ఉద్యోగాలకు ఇంగ్లిష్‌లో నిమిషానికి 35 పదాలు కొట్టాలి, గంటకి 10,500 మీట నొక్కుల లెక్కన. రైల్వేలో క్లర్కు తరహా పోస్టులకు ఇంగ్లిష్‌లో 30, హిందీలో 25. ఇవి అర్హత పరీక్షలు మాత్రమే. 35 కొట్టినవాడూ 60 కొట్టినవాడూ ఒకటే, ఈ మార్కులు మెరిట్‌లో కలవవు. టైపింగ్ బాగా చేశాను కాబట్టి ఉద్యోగం ఖాయమని చేతిలో ఉన్న పని వదిలేసుకునేవాళ్లు ఈ తేడా గమనించాలి. రైల్వే ఎన్టీపీసీ 2019 నోటిఫికేషన్‌లో 35,281 పోస్టులకు దాదాపు కోటీ పాతిక లక్షల దరఖాస్తులు. కోవిడ్ కూడా తోడై మొదటి దశ పరీక్ష 2021 జులై 31కి ముగిసింది, ఫలితం మరో 167 రోజులకు, 2022 జనవరి 14న వచ్చింది. టైపింగ్ పరీక్ష పెట్టింది ఆగస్టు 12న. నోటిఫికేషన్ చూసి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరినవాడికి మూడున్నరేళ్ల తర్వాత పిలుపు.

ప్రైవేటులో కీ లేదు, అభ్యంతరాలు లేవు, చాలాచోట్ల జవాబే లేదు. భీమవరం, ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీల పిల్లలకు ఐటీ కంపెనీల ఆన్‌లైన్ పరీక్ష రాశాక వచ్చే మౌనం అలవాటే. ఆఫర్ లెటరు వచ్చినా గ్యారంటీ లేదని 2022 బ్యాచ్ చూసింది. ఇన్ఫోసిస్ ఎంపిక చేసుకున్నవారిలో సుమారు 2,000 మంది రెండేళ్ల దాకా ఆగారు. ఆ తర్వాత 2025 ఫిబ్రవరిలో, మూడు అవకాశాల్లోనూ అంతర్గత పరీక్ష నెగ్గలేదంటూ మైసూరు శిక్షణ కేంద్రం నుంచి 300 మందికి పైగా ట్రైనీలను ఆ కంపెనీ పంపించింది.

చట్టం ఏం చెబుతుంది? ఎంపిక జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన నియామకం తిరుగులేని హక్కు కాదని సుప్రీంకోర్టు 1991లో శంకర్‌సన్ దాష్ కేసులో చెప్పింది. అయితే ప్రభుత్వం తనకు తోచినట్టు నిరాకరించడానికీ వీల్లేదని అదే తీర్పులో ఉంది. ఎంపిక మొదలయ్యాక నిబంధనలే ఆ అవకాశం ఇస్తే తప్ప మధ్యలో అర్హతా నియమాలు మార్చకూడదని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 7న తేల్చింది. ఫలితం ఏ దశలో ఉందో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. లక్షలు పట్టుకెళ్లి దళారి చేతిలో పోయడం కంటే ఆ అర్జీ మేలు. నిరీక్షణ సాగేకొద్దీ 'మనవాళ్లున్నారు, మాట్లాడదాం' అనేవాళ్లు ఇంటి చుట్టూ తిరుగుతారు. కంప్యూటర్ దిద్దిన మార్కును ఏ దళారీ మార్చలేడు.

ఎదురుచూసే కాలంలో చేసుకోగలిగిన పని ఒకటుంది. పోస్టు చేజారేది చాలాసార్లు సర్టిఫికెట్ల పరిశీలన రోజున. నాలుగో తరగతి నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, బీసీలైతే నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ అయితే ఆ పత్రం ముందే తెచ్చి పెట్టుకోవాలి. మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. చేపల చెరువుల పని మీద కుటుంబాలు కృష్ణా జిల్లా వైపుకీ ఇటువైపుకీ మారుతుంటాయి, పిల్లల చదువు రెండు జిల్లాల్లో చీలిపోతుంది. 2022 ఏప్రిల్ 4న ఉండి, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరిలో ఉండిపోయాయి, ఏలూరు వేరే జిల్లా అయింది. అయినా మెగా డీఎస్సీ పోస్టులను ఉమ్మడి జిల్లా లెక్కనే భర్తీ చేశారు. దరఖాస్తులో ఏది రాయాలో నోటిఫికేషన్ చదివి రాయాలి, పక్కవాణ్ని చూసి కాదు.

నియామక సంస్థలు చేయగలిగిందీ ఒకటుంది. యూపీఎస్సీ ఏటా పరీక్షల క్యాలెండర్ ముందే ప్రకటిస్తుంది. 2024 సివిల్స్ ప్రిలిమ్స్ జూన్ 16న జరిగితే జులై 1కి ఫలితం వచ్చింది. 2025 ఏప్రిల్ 22న తుది ఫలితం. ఆ పరీక్షకీ ఇంటర్వ్యూలున్నాయి, కోర్టు కేసులున్నాయి, ఎన్నికలూ అడ్డొచ్చాయి. మే 26న జరగాల్సిన ఆ ప్రిలిమ్స్‌నే సాధారణ ఎన్నికల వల్ల వాయిదా వేశారు, కానీ కొత్త తేదీతో సహా ప్రకటించారు. మన మండళ్లను అడగాల్సింది అదే. నోటిఫికేషన్‌లో పరీక్ష తేదీ పక్కనే ఫలితం తేదీ, తర్వాతి దశ తేదీ రాయండి. వాయిదా వేస్తే కారణం, కొత్త తేదీ ఒకే ప్రకటనలో ఇవ్వండి. కోర్టు ఆపితే కేసు నంబరు, తదుపరి విచారణ రోజు వెబ్‌సైట్‌లో పెట్టండి. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, అదనపు సిబ్బందీ అక్కర్లేదు. తర్వాతి కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో ఈ మూడు వాక్యాలు ఉన్నాయో లేదో చూద్దాం.